డాక్టరమ్మ నోట విన్న గివప్

నా చిన్నప్పుడు, బడిలో ఇంగ్లీషు కొత్తగా మొదలైన ఏడాది, మా అవ్వకు, అంటే అమ్మకు, విషజ్వరం వచ్చింది. మేమప్పుడు బెల్లంపల్లిలో ఉండేవాళ్లం. మా నాన్న, బాపుది బొగ్గు బాయిలో, అంటే గనిలో పని. అవ్వను మిషన్ దవాఖానలో చేర్చారు. మా పక్కింటి అక్క అక్కడే నర్సు. బాపు డ్యూటీకి పోతే అవ్వ మంచం దగ్గర నేను కూర్చునేదాన్ని.

ఒకరోజు పొద్దున అవ్వ కళ్లు తెరవలేదు. ఎంత పిలిచినా పలకలేదు. డాక్టరమ్మ వచ్చి నాడి చూసి, అక్కతో ఇంగ్లీషులో గబగబా ఏదో చెప్పి వెళ్లిపోయింది. అన్ని మాటల్లో నాకు అందినవి రెండే, గివ్, అప్. గివ్ అంటే ఇవ్వడం, అప్ అంటే పైకి అని బడిలో అప్పుడే నేర్చుకున్నాను. పైన ఎవరుంటారో ప్రతి ఆదివారం చర్చిలో వింటూనే ఉన్నాను. అంటే మా అవ్వను పైకి ఇచ్చేస్తున్నారన్నమాట.

నేను అవ్వ మీద పడి, "ఇయ్య! మా అవ్వను ఎవ్వలకియ్య!" అని గొంతు చించుకుని ఏడ్చాను. పక్క మంచాలవాళ్లు లేచి కూర్చున్నారు. అక్క చేతిలో సూదిమందుల పళ్లెం ఉంది, ఇంకా ఎంతోమంది ఆమె కోసం చూస్తున్నారు. అయినా ఆ పళ్లెం పక్కన పెట్టి, నా ముందర నేల మీద కూర్చుంది.

"డాక్టరమ్మ ఏమన్నదని సమజైంది బిడ్డా నీకు? జర చెప్పు."

వెక్కుతూనే చెప్పాను. అక్క నవ్వలేదు.

"గట్ల కాదే. గా రెండు మాటలు కలిస్తే అర్థమే మారుతది. మీ బాపు బీడీలు మానేసిండనుకో, గది గివప్. నువ్వు లెక్క వస్తలేదని పలక పక్కకు పెట్టినవనుకో, గది సుత గివప్. మధ్యల ఇడిచిపెట్టుడన్నట్టు. డాక్టరమ్మ ముందుగాల డోంట్ అన్నది, నువ్వు ఇనలే. ఇడిచిపెట్టద్దని చెప్పింది."

"మరి నువ్వు ఇడిచిపెట్టవు గదా అక్కా?"

"నేనెందుకు ఇడిచిపెడ్త? నువ్వు ఫికర్ చెయ్యకు. గీ గుడ్డ తడిపి అవ్వ నుదుటి మీద ఏస్తనే ఉండు."

వేస్తూనే ఉన్నాను. పొద్దు వాలుతుండగా అవ్వ కళ్లు తెరిచి, గుర్తుపట్టడానికన్నట్టు నన్ను చాలాసేపు చూసి, "అన్నం తిన్నవా?" అని అడిగింది. అప్పుడు అక్క గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకుంది. ఆమె కూడా భయపడిందని నాకు అప్పుడే తెలిసింది.

అవ్వ ఇంటికి వచ్చాక ఆ మాట నా నోటిని వదల్లేదు. ఆట మధ్యలో ఇంటికి పోయే స్నేహితురాలిని గివప్ చేసినవా అని ఆటపట్టించేదాన్ని. బాపు బీడీ ముట్టించబోతే "గివప్ బాపూ" అనేదాన్ని. ఆయన నవ్వి బీడీని చెవి వెనక పెట్టుకునేవాడు. మానేసింది మాత్రం ఎన్నడూ లేదు.

తర్వాత ఇంగ్లీషు చాలానే నేర్చుకున్నాను. అందులో సగం మరిచిపోయాను కూడా. అంత పని ఒత్తిడిలోనూ అక్క నా ఏడుపు మాన్పించే ముందు నాకు ఏం అర్థమైందో అడిగింది చూడండి, అది మాత్రం మరవలేదు. ఇప్పుడు మనవరాలు ఏ మాటకో నొచ్చుకుని ఏడిస్తే, మోకాళ్లు ఎంత సలిపినా సరే, ముందు దాని పక్కన కింద కూర్చుంటాను. అది చెప్పేదంతా విన్నాకే నోరు విప్పుతాను.