సోమవారమే బయలుదేరిన సంచి

బందరు నుంచి విజయవాడకు బస్సులో రెండు గంటలు. అక్కడి నుంచి గన్నవరం దాటాక హైవే పక్కనున్న థీమ్ పార్కుకు ఇంకో గంట. పొద్దున వెళ్ళి రాత్రికి ఇల్లు చేరవచ్చు. అలాంటి ప్రయాణానికి నేను మూడు రోజులు వేశాను. మంగళవారం వెళ్ళడం, బుధవారం పార్కు, గురువారం తిరిగి రావడం.

మా అబ్బాయి నవ్వాడు. "మూడు రోజుల్లో కాశీకి కూడా వెళ్ళి రావచ్చు నాన్నా" అన్నాడు.

నవ్వితే నవ్వాడు గానీ, నా లెక్కకు కారణం ఉంది. కిందటేడాది ఒక్క రోజులో చుట్టి వద్దామని కారు మాట్లాడుకుని బయలుదేరాం. నేనూ, నా భార్య సుభద్ర, మనవరాలు మేఘన, మనవడు బుజ్జి. మేఘనకు అప్పుడు ఆరేళ్ళు, బుజ్జికి రెండున్నర. చీకటితోనే లేపి కారెక్కించిన పిల్లవాడు దారిలో కన్ను మూయలేదు. పార్కులోకి అడుగుపెట్టిన అరగంటకు ఏడుపు ఎత్తుకున్నాడు. తరవాత వాంతి, ఆ తరవాత ఇంకా ఏడుపు. వెనక్కి వచ్చేశాం. అప్పటికి మేఘన జెయింట్ వీల్ వరుసలో నిలబడి ఉంది. ఆమె ముందు ఇంకా ఎనిమిది మందే ఉన్నారు. పిలిస్తే వరుసలోంచి వచ్చేసింది. పార్కు వాళ్ళు చేతికి చుట్టిన కాగితం పట్టీని మాత్రం, రంగు పోయి దానంతటది ఊడిపోయేదాకా ఎవరినీ తీయనివ్వలేదు.

ఈ ఏడు మళ్ళీ పార్కు మాట వచ్చినప్పుడు ఆ పిల్ల అడిగింది ఒక్కటే. "ఈసారి మధ్యలో వెనక్కి రాముగా తాతయ్యా?"

"రాము" అన్నాను.

నేను చిలకలపూడిలో ఒక రోల్డ్ గోల్డ్ కార్ఖానాకు లెక్కలు రాస్తాను. బడిలో తొమ్మిదో తరగతి దాటలేదు. లెక్కలు నాకు నేను నేర్చుకున్నవే. ఆ తెలివితోనే చిన్నపిల్లలను తీసుకెళ్ళే వాళ్ళకు ఒక మాట చెబుతాను. ప్రయాణం చేసే రోజునూ ఆడుకునే రోజునూ కలపకండి. పసివాడి ఓపిక రోజుకు ఇంత అని ఉంటుంది. దాన్ని దారిలోనే ఖర్చు పెట్టిస్తే పార్కు గేటు దగ్గర ఏమీ మిగలదు. బుజ్జికి మధ్యాహ్నం రెండింటికి నిద్ర కావాలి. మా అమ్మ పాత నూలు చీరలతో కుట్టిన బొంత కావాలి. దాని మూల గుప్పిట్లో ఉంటేనే వాడికి నిద్ర. ఈ రెండూ చూసుకుంటే చాలు, మిగతావన్నీ సర్దుకుంటాయి అనుకున్నాను.

బుధవారం పార్కులో జనం తక్కువ. అందుకని మంగళవారం బయలుదేరాలి. అక్కడ మా అమ్మ అడ్డు పడింది.

"ఒరేయ్ సత్యం, మంగళవారం పూట ఆడపిల్లను గడప దాటిస్తావా?"

"శని, ఆదివారాలైతే ఒక్కో వరుసలో గంట నిలబడాలమ్మా."

"అయితే సోమవారం పొద్దున్నే ప్రస్థానం పెట్టెయ్. మంగళవారం మీరు ఎప్పుడు పోతే నాకేంటి!"

ఈ కాలం వాళ్ళలో చాలామందికి తెలియకపోవచ్చు. అనుకున్న రోజు ప్రయాణానికి మంచిది కాకపోతే, ముందుగా వచ్చే మంచి రోజున ఒక సంచి సర్ది ఎదురింట్లోనో పక్కింట్లోనో ఉంచేవారు. దాన్ని ప్రస్థానం అనేవారు. సంచి గడప దాటితే ప్రయాణం మొదలైనట్టే. ఇక దాన్ని మళ్ళీ ఇంట్లోకి తేకూడదు. వెళ్ళేటప్పుడు దారిలో అందుకోవాలి.

నా చిన్నప్పుడు నాన్న మమ్మల్ని బెజవాడ ఎగ్జిబిషన్‌కు తీసుకెళ్ళేముందు ఇలాగే సంచి పెట్టారు. ఎదురింటి వసారాలో కొయ్య మేకుకు అది రెండు రోజులు వేలాడింది. బడి నుంచి రాగానే వెళ్ళి దాని కింద నిలబడేవాణ్ణి. మేము ఇంకా బందరులోనే ఉన్నాం, మా ప్రయాణం మాత్రం అప్పటికే దారిలో ఉంది. ఎగ్జిబిషన్‌లో ఏం చూశానో ఇప్పుడు సరిగ్గా గుర్తులేదు. ఆ సంచి మాత్రం కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది.

సోమవారం పొద్దున్నే మా అమ్మే సంచి సర్దింది. "వెళ్ళే వాళ్ళకు ప్రాణంలాంటి వస్తువు ఒకటైనా ఉండాలి ఇందులో" అంటూ, బుజ్జి నిద్ర లేవగానే వాడి బొంత ఒక్కటే మడిచి పెట్టింది. ఒక్క రాత్రే కదా, ఇంట్లో తన పక్కలో పడుకోబెట్టుకుంటానంది. మేఘన ఆ సంచిని ఎదురింటి వరలక్ష్మి గారికి ఇచ్చి వచ్చింది.

మంగళవారం ఆరు కాకముందే ఆటో వచ్చింది. గడప దగ్గర నిలబడి సామాను లెక్కపెట్టాను. బట్టల సంచి, తిండి సంచి, మంచినీళ్ళ సంచి. ఇంట్లో ఉన్నవి మూడు, ఆటో ఎక్కినవి మూడు. లెక్క సరిపోయింది.

పాసింజరు రైలునే ఎంచుకున్నాను. బస్సుకన్నా అరగంట ఆలస్యమైనా పిల్లలు అటూ ఇటూ నడవడానికి చోటుంటుంది, మరుగుదొడ్డి ఉంటుంది. టికెట్టు కూడా చవక. పెడన దాటేసరికి తెల్లవారింది. కోసిన వరి పనల మధ్య మినుము మొలకలు పచ్చగా కనిపిస్తున్నాయి. గుడివాడలో రైలు ఆగినప్పుడు సుభద్ర ఇడ్లీల డబ్బా విప్పింది. మా ఎదుట గిలకలదిండి నుంచి ఎండు చేపల గంప తెచ్చుకున్నామె కూర్చుంది.

"ఎందాకండీ ప్రయాణం?"

"బెజవాడేనమ్మా. పిల్లలకు పార్కు చూపించి గురువారం వచ్చేస్తాం" అంది సుభద్ర.

"గురారమా! మా ఆయన మూడ్రోజులు సముద్రం మీదికి పోతే వల నింపుకొనొస్తాడండీ. మీరేం తెస్తారు?"

"నేను జెయింట్ వీల్ ఎక్కొస్తా" అంది మేఘన.

"ఎక్కు తల్లీ. పైన గాలి బాగుందని దిగడం మానెయ్యకు."

పెట్టెలో అందరూ నవ్వారు. బుజ్జి కూడా ఎందుకో తెలియకుండానే నవ్వాడు. ఇడ్లీ మూడు తిన్నాడు, ఏడవలేదు. నా లెక్క ఎంత బాగా నడుస్తోందో అనుకున్నాను.

తొమ్మిదిన్నరకు విజయవాడలో దిగి వన్ టౌన్‌లో లాడ్జికి వెళ్ళాం. గది రోజుకు పదకొండు వందలు. రెండో అంతస్తులో వెనకవైపు గది అడిగి తీసుకోండి, వీధి చప్పుడు తగ్గుతుంది. పెళ్ళికి ముందు మూడేళ్ళు నేను ఈ వీధుల్లోనే ఒక స్టీలు సామాన్ల హోల్‌సేల్ దుకాణంలో గుమాస్తాగా ఉన్నాను. తోపుడు బండ్ల వాళ్ళు ఇప్పటికీ అలాగే కేకలు వేస్తూ జనాన్ని పక్కకు తప్పిస్తున్నారు. మా దుకాణం ఉన్నచోట ఇప్పుడు ఫోన్ల కవర్లు అమ్ముతున్నారు. పిల్లలకు చూపించాను. "స్టీలు గిన్నెలేవి తాతయ్యా?" అన్నాడు బుజ్జి.

మెస్సులో నూట ఇరవై రూపాయల భోజనం. దోసకాయ పప్పు బాగుంది. ఒకటిన్నరకు గదికి వచ్చాం. బుజ్జి కళ్ళు నులుముకుంటూ మంచమెక్కి, "నా బొంత" అన్నాడు.

సుభద్ర బట్టల సంచి విప్పింది. ఆ తరవాత తిండి సంచి విప్పింది. తరవాత నా ముఖం చూసింది.

నాకు అప్పుడు తెలిసింది. ముందు రోజే బయలుదేరిన సంచిని నేను వెళ్ళిపోయిన దాని కిందే లెక్కేశాను. ఇంట్లో లేదు కాబట్టి ఇంట్లో మరిచిపోయే అవకాశమూ లేదు. అది ఎదురింట్లోనే ఉండిపోయింది.

వరలక్ష్మి గారికి ఫోను చేశాను. "అయ్యో అన్నయ్యగారూ! మీరు తీసుకోలేదా? నేను చూసుకోనేలేదు, పొద్దున్నే ఇంటికి తాళమేసి గుడివాడలో మా అమ్మాయి దగ్గరికొచ్చేశాను. బహుశా మీరెక్కిన రైల్లోనే వచ్చుంటాను!" రేపు సాయంత్రానికి గానీ ఆమె వెనక్కి వెళ్ళరు.

బుజ్జికి లాడ్జి దుప్పటి ఇచ్చాం. "ఇది కాదు." తువ్వాలు ఇచ్చాం. "ఇది కాదు." సుభద్ర తన చీర కొంగు చేతిలో పెట్టింది. వాడు దాన్ని విసిరికొట్టి ఏడవడం మొదలుపెట్టాడు. రెండయింది, రెండున్నరయింది. ఏడుపు ఎక్కిళ్ళలోకి దిగింది. ఒళ్ళు వెచ్చబడుతోందని సుభద్ర భయపడింది.

"ఏవండీ, నాలుగింటికి బందరు బస్సు ఎక్కేద్దాం. రాత్రికి కూడా ఇలాగే ఏడిస్తే రేపు వీడు పార్కులో ఏముంటాడు? కిందటేడు చూశాంగా."

ఆమె అన్నదాంట్లో తప్పు లేదు. నిద్రలేని పిల్లవాడికి రేపటి రోజు లేదు. నా మూడు రోజుల పథకం మొత్తం నిలబడింది ఆ నిద్ర మీదే.

అప్పుడు చూశాను. మేఘన రేపు వేసుకోవడానికి కుర్చీ మీద పరిచి పెట్టుకున్న పసుపు గౌను తీసి, నెమ్మదిగా మడతపెట్టి, సంచిలో పెడుతోంది. ఎవరూ చెప్పలేదు.

నేను బుజ్జిని భుజాన వేసుకుని గదిలో అటూ ఇటూ నడవడం మొదలుపెట్టాను. నాకు జోలపాటలు రావు. మా అమ్మకూ రావు. ఆమె బడికి వెళ్ళలేదు గానీ, వాళ్ళ నాన్న ధాన్యం కాటా దగ్గర కూర్చుని ఎక్కాలన్నీ నేర్చుకుంది. నన్ను ఒళ్ళో వేసుకుని వాటినే రాగం తీసి చెప్పేది. ఆ రాగం నా నోటికి దానంతటదే వచ్చింది.

"రెండొకట్ల రెండు, రెండు రెళ్ళు నాలుగు, రెండు మూళ్ళు ఆరు..."

వాడు ఏడుస్తూనే ఉన్నాడు. మూడో ఎక్కం, నాలుగో ఎక్కం. ఐదో ఎక్కం దగ్గర ఎక్కిళ్ళ మధ్య కాస్త ఆగి, ఇదేమిటన్నట్టు నా నోటి వంక చూశాడు. మేఘన గౌను వదిలేసి వచ్చి నా పక్కన నడవడం మొదలుపెట్టింది. తనకు వచ్చినంతవరకు తానూ అందుకుంది. ఎనిమిదో ఎక్కంలో తప్పింది, సర్దుకుంది. పన్నెండో ఎక్కానికి బుజ్జి గుప్పిట నా చొక్కా కాలరు పట్టుకుంది. "పదమూడొకట్ల పదమూడు, పదమూడు రెళ్ళు ఇరవై ఆరు, పదమూడు మూళ్ళు ముప్పై తొమ్మిది..." భుజం మీద తల బరువెక్కింది.

"పడుకున్నాడు తాతయ్యా" అంది మేఘన గుసగుసగా. "ఆపకు."

ఆపలేదు. పందొమ్మిదో ఎక్కందాకా చెప్పాను. వాణ్ణి మంచం మీద పడుకోబెట్టి చూస్తే, పసుపు గౌను మళ్ళీ కుర్చీ మీద ఉంది.

సాయంత్రం అమ్మకు ఫోను చేసి జరిగింది చెప్పాను. "సంచిని ముందు పంపమన్నాను గానీ మరిచిపొమ్మన్నానట్రా?" అని కాసేపు తిట్టింది. తరవాత, "ఎన్నో ఎక్కానికి పడుకున్నాడు?" అంది.

"పదమూడు."

"మొండివాడే. నువ్వు ఏనాడూ పది దాటలేదు."

"మరి పందొమ్మిదిదాకా చెప్పేదాన్నని అంటుంటావుగా?"

"నువ్వు పడుకున్నాక చెప్పేదాన్ని. ఆపితే లేచేవాడివి."

పందొమ్మిది ఎక్కాలూ నాకు నేను కూర్చుని బట్టీ పట్టానని ఇన్నాళ్ళూ అనుకున్నాను. నిద్రలో ఎన్ని విన్నానో!

బుధవారం టిఫిన్లు చేసి తొమ్మిదింటికి బస్సెక్కాం. రామవరప్పాడు దాటాక రోడ్డు ఖాళీ. గన్నవరం దగ్గర ఒక విమానం తల మీదుగా దిగింది. బుజ్జి బస్సు కిటికీలోంచి దానికి టాటా చెప్పాడు. రాత్రి కూడా వాడు ఎక్కాలతోనే పడుకున్నాడు, పొద్దున హాయిగా లేచాడు. పార్కు గేటు తీయగానే లోపలికి వెళ్ళాం. చిన్నపిల్లలతో వెళ్ళేవాళ్ళు ఎక్కాల్సినవన్నీ ఒంటిగంటలోపు ఎక్కించండి. తరవాత నీడలో అన్నం తినిపించి, పసివాళ్ళను పడుకోబెట్టి, నాలుగింటికి మిగతావి చూడవచ్చు.

జెయింట్ వీల్ దగ్గర మా ముందు ఇద్దరే ఉన్నారు. సుభద్ర బుజ్జితో కిందే ఉండిపోయింది. నాకు ఎత్తంటే భయం, అయినా మేఘనతో కూర్చున్నాను. అది తిరుగుతున్నంతసేపూ నేను ఇనుప కడ్డీ వదల్లేదు, ఆ పిల్ల పట్టుకోనూ లేదు. పైకి వెళ్ళి ఆగినప్పుడు కొబ్బరి తోటలు, కాలవ, దూరంగా హైవే మీద లారీలు కనిపించాయి.

"తాతయ్యా, బందరు కనిపిస్తుందా ఇక్కడి నుంచి?"

"కనిపించదమ్మా."

"సంచికి కూడా మనం కనిపించంలే పాపం" అంది.

నాలుగుసార్లు ఎక్కింది. నేను రెండోసారికే కింద ఉండిపోయాను.

గురువారం పదింటి రైలుకు తిరుగు ప్రయాణం. సుభద్ర కునుకు తీసింది. బుజ్జి కిటికీ పక్కన కూర్చుని తనకు వచ్చిన పద్ధతిలో "రెండు రెళ్ళు రెండు" అంటున్నాడు. మేఘన చేతికి కొత్త పట్టీ ఉంది. ఉప్పులూరు దాటుతుంటే, ఎగ్జిబిషన్ నుంచి ఇదే దారిలో నాన్న భుజం మీద పడుకుని వచ్చిన రోజు గుర్తొచ్చింది. మూడు రోజుల ఖర్చంతా కలిపితే కిందటేడు ఒక్క రోజు కారుకూ టిక్కెట్లకూ అయినదానికన్నా కాస్త ఎక్కువ, అంతే. కిందటేడు ఆ డబ్బుతో ఏడుపు తెచ్చుకున్నాం. ఈసారి ఏం తెచ్చుకున్నామో ఆ చేపలామె ఎదురైతే చెప్పేవాణ్ణి.

మేం ఆటో దిగేసరికి వరలక్ష్మి గారు గుమ్మంలో నిలబడి నొచ్చుకుంటున్నారు. సంచి ఆమె వసారాలో మేకుకు వేలాడుతోంది. బుజ్జి పరుగెత్తి, దించమని గోల చేసి, లోపల చేయి పెట్టి బొంత లాక్కున్నాడు. సంచి ఇంట్లోకి తెద్దామని నేను అందుకోబోయాను.

మేఘన అడ్డం వచ్చింది. "వద్దు తాతయ్యా. అది ఇంకా ఎక్కడికీ వెళ్ళలేదు."

మా వీధి అరుగు మీద నుంచి అమ్మ అరిచింది. "పిల్ల చెప్పింది నిజమేరా! బయలుదేరిన సంచి ఊరు చూడకుండా ఇంట్లోకి రాకూడదు."

"ఖాళీ సంచేనమ్మా, అందులో ఏముందని?"

మేఘన చేతి పట్టీని జాగ్రత్తగా ఊడదీసి సంచిలో వేసింది. "ఇప్పుడుంది" అంటూ మళ్ళీ మేకుకు తగిలించమని వరలక్ష్మి గారికి ఇచ్చింది.

ఇప్పుడు మేఘన రోజూ బడి నుంచి రాగానే ఎదురింటికి వెళ్ళి, దాని కింద కాసేపు నిలబడి వస్తోంది. తమ్ముణ్ణి కూడా వెంట తీసుకెళుతోంది. ఎక్కడికి వెళ్ళాలో మేమింకా అనుకోలేదు. కానీ మా ప్రయాణం మొదలై అప్పుడే పదకొండు రోజులైంది.