తడిబట్ట అతుక్కోని రోజు

ఈ సంగతి ఇన్నేళ్ళూ రాయలేకపోవడానికి మొదటి కారణం నాకు అక్షరాలు రాకపోవడమే. అరవై దాటాక, కోడలి వయసున్న పంతులమ్మ ముందు కూర్చుని ఓనమాలు దిద్దుకున్నాను. వచ్చాక కూడా రాయకపోవడానికి కారణం మా ఆయన. పోయిన మనిషి తప్పును నా చేత్తో కాగితం మీద పెట్టడానికి మనసొప్పలేదు.

మొన్న మనవడి కారు అనంతగిరి గుట్ట ఎక్కుతూ ఆవిరి కక్కి ఆగిపోయింది. వికారాబాదులో మెకానిక్ ఒక చిన్న డబ్బాను వైరుతో కారుకు తగిలించి చూసి, ఫ్యాను బాగానే ఉంది, దానికి కరెంటు అందించే బిళ్ళ పోయిందని నిమిషంలో తేల్చాడు. కొత్తది పెట్టి ఫ్యాను తిప్పగానే నా చెయ్యి దానంతట అదే కొంగు తీసుకుపోయి ముందు జాలీకి ఆనించింది. కొంగు టప్పున అతుక్కుంది. "ఏంది అవ్వా, మోటారుకు దిష్టి తీస్తున్నవా?" అని అతను నవ్వాడు. నాకు మాత్రం తాండూరు చాచా గుర్తొచ్చి నవ్వు రాలేదు.

పోలీస్ యాక్షన్ అయి అప్పటికి రెండేళ్ళు. నేను కొత్తగా కాపురానికి వచ్చాను. మా ఆయన వికారాబాదులో ఒక దొర దగ్గర మోటారు నడిపేవాడు, షెడ్డు పక్కనే మాకు ఒక గది. దొర పనుల మీద మోటారు తరచూ తాండూరు పోయేది, అక్కడివి సున్నపు నీళ్ళు, కుండలకే తెల్లగా పొర కట్టేవి, ఇక రేడియేటరు గొట్టాల సంగతి చెప్పేదేముంది. ఏడాదికోసారి దాన్ని విప్పి కడిగి, కారే చోట సీసంతో మాటు వేసేది అక్కడి ముసలి మేస్త్రీ. మేమంతా చాచా అనేవాళ్ళం. ఏ బండినైనా పంపే ముందు ఇంజను నడుస్తుండగా జాలీకి తడిబట్ట ఆనించి చూడడం ఆయన పద్ధతి. బట్ట అతుక్కుంటే ఫ్యాను గాలి లాగుతున్నట్టు. వేలాడితే బండి గడప దాటడానికి వీల్లేదు.

ఆరోజు శుక్రవారం. చాచా నమాజుకు పోయి వచ్చేలోగా మా ఆయన తొందరపడి, రేడియేటరు కోసం విప్పిన ఫ్యానును తానే బిగించేశాడు. చాచా వచ్చి బట్ట తడుపుతుంటే, దొర ఎదురుచూస్తుంటాడని ఆగకుండా బయలుదేరాడు. చదును దారిలో గాలి దానంతటదే తగులుతుంది కనుక ఏమీ తెలియలేదు. మరునాడు దొర చుట్టాలతో అనంతగిరి ఎక్కుతుంటే సగం గుట్టలో నీళ్ళు మసిలి, ఆడవాళ్ళంతా దిగి నడవాల్సి వచ్చింది. దొర కోపానికి భయపడి మా ఆయన, మేస్త్రీ మాటు వేసి గొట్టాలు మూసేశాడని చెప్పాడు. ఆ దినాల్లో చాచాలాంటి ముసల్మానుల మీద ఏ మాట వేసినా నిలిచిపోయేది. దొర నలుగురికీ చెప్పాడు, ఆ నలుగురూ ఇంకా పదిమందికి చెప్పారు.

మూడో రోజు షెడ్డులో చూసుకుంటే బెల్టు బిగువుగానే ఉంది, గొట్టాల్లో నీళ్ళు ధారగానే దిగుతున్నాయి. నేను ఊరికే తడిబట్ట ఆనించాను. అది వేలాడింది. ఇంజను ఆపించి వంగి చూశాను. ఆ ఫ్యాను రెక్కలను ఎన్నిసార్లు తుడిచానో. వాటి గుంట ఎప్పుడూ ఇంజను వైపు ఉండేది. ఇప్పుడది రేడియేటరు వైపు ఉంది, గంటెను బోర్లా పట్టుకుని పులుసు తోడినట్టు.

"రెక్కలు బోర్ల బడ్డయి," అన్నాను.

ఆయన వంగి చూశాడు. తరువాత నాలుగు బోల్టులు విప్పి తిప్పి బిగించాడు. బట్ట అతుక్కుంది.

"గీ మాట గీడనే ఉండని. దొరకు ఎరుకైతే మన పొయ్యి ఎలగది," అన్నాడు. నాకప్పుడు అయిదో నెల. నోరు మూసుకున్నాను.

ఆరు నెలల్లో చాచా దుకాణం మూతపడింది. ఆ వయసులో ఆయన కరణ్‌కోట దిక్కు బండల గనికి కూలికి పోయాడు. ఒకసారి తాండూరు స్టేషనులో ఎదురై, సున్నం తిన్న చేతులు వెనక్కి పెట్టుకుని, "మోటారు మంచిగున్నదా బేటీ?" అని మాత్రం అడిగాడు. మంచిగున్నదన్నాను, తల ఎత్తలేదు.

ఇప్పటి డబ్బా పోయిన బిళ్ళ ఏదో చెప్పి ఊరుకుంటుంది. మేము తప్పు మోపడానికి ముందు మనిషిని వెతికాం, రెక్కలను తరువాత చూశాం. ఆ రోజు బట్ట తడిపేంత సేపు ఆగి ఉంటే సరిపోయేది.

ఇంతవరకు నిన్న రాసింది. ఈ పొద్దున తాండూరు బస్సెక్కి, ఈ కాగితాలతో చాచా బిడ్డ ఇంటికి పోయాను. చాచాకు లేక లేక ముసలితనంలో కలిగిన ఆమె అప్పుడు పాకే పిల్ల, ఇప్పుడు ముసలిది. ఆమెకు తెలుగు చదవడం రాదు కనుక నేనే కూడబలుక్కుంటూ చదివాను. అయిపోయాక ఆమె నా చేతిలోని కాగితాల మీదికి వంగింది.

"జర మల్ల సదువు భాబీ," అంది, "మా అబ్బా బట్ట తడిపిన కాడ."

ఆ వాక్యం కింద వేలు పెట్టి మళ్ళీ చదివాను.