నాచారం నుంచి నారపల్లికి ఎంగిలాకుల మూటతో

మా అపార్ట్‌మెంట్‌లో నన్ను వెనకాల ‘సంచి సారు’ అంటారు. జేబులో గుడ్డసంచి లేకుండా గుమ్మం దాటను, కూరగాయలవాడు కవరు విప్పబోతే గొడవ పెట్టుకుంటాను. పేరు పెట్టినవాళ్ళ తప్పేమీ లేదు. మొన్న శనివారం మా అమ్మాయి శ్రీమంతంలో ఒక్క ప్లాస్టిక్ వస్తువు కూడా కనిపించకూడదని పంతం పట్టాను. స్టీలు గ్లాసులు అద్దెకు తెచ్చాను. ఉప్పల్ మార్కెట్లో మోదుగ విస్తళ్ళు కొన్నాను. “ఎంత పులుసు పోసినా కారదు సార్” అన్నాడు కొట్టతను. నిజంగానే కారలేదు, వచ్చినవాళ్ళందరికీ అది గొప్పగా చూపించాను కూడా. భోజనాలయ్యాక ఆ ఎంగిలాకుల్ని చెత్త ఆటోలో పడేయడానికి మనసొప్పలేదు. మా చిన్నప్పుడు వాటిని గొడ్లకు వేసేవాళ్ళు. నారపల్లిలో సత్తెమ్మక్క ఉంది కదా అనుకున్నాను. ఆమె ఒకప్పుడు మా వీధికి క్యానులో పాలు పోసేది. అందరూ ప్యాకెట్లకు మారాక రావడం మానేసింది. నేను మాత్రం ఆదివారాలు క్యాను పట్టుకుని ఆమె దగ్గరికే వెళ్తుంటాను.

ఇలా వెళ్ళాలనుకునేవాళ్ళు పొద్దున్నే బయలుదేరండి. ఏడు దాటితే నాచారం నుంచి ఉప్పల్ చౌరస్తా చేరడమే ఒక యాత్ర. షేర్ ఆటోకి మనిషికి ఇరవై తీసుకున్నారు, రెండు గోనె మూటలకు ఇంకో ముప్పై. “మూటల ఏమున్నయ్ సార్?” అన్నాడు డ్రైవరు. మా అమ్మాయి శ్రీమంతం ఎంగిలాకులు, బర్రెలకు అన్నాను. “శ్రీమంతం జేసి ఎంగిలాకులు మోసుకపోయెటోళ్లను ఇప్పుడే సూస్తున్న” అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ ఆదివారం పొద్దున నాకు చాలా సంతోషంగా ఉంది, ఆ మాట దాచుకోను.

ఉప్పల్‌లో మెట్రో స్టేషన్ కింద ఇడ్లీ బండి దగ్గర నా స్టీలు డబ్బా ఇచ్చి, ఇందులో పెట్టు బాబూ అన్నాను. అతను డబ్బా తీసుకుని, అడుగున ప్లాస్టిక్ కాగితం పరిచి, దానిమీద ఇడ్లీలు పెట్టాడు. కాగితం ఎందుకయ్యా అంటే, “డబ్బా ఖరాబ్ గాదు సార్, కడిగే పని తప్పుతది” అన్నాడు. నాకు మంచి చేశాననే అనుకున్నాడు పాపం. పోట్లాడే ఓపిక లేక తిన్నాను. పక్కనే కాలువలో నీళ్ళు కనబడలేదు, కవర్లే కనబడ్డాయి. పదేళ్ళుగా నేను వద్దన్న కవర్లన్నీ ఎవరో ఒకరు తీసుకునే ఉంటారు, అవన్నీ ఇక్కడికే వచ్చి ఉంటాయి అనిపించింది.

ఘట్‌కేసర్ వైపు వెళ్ళే సిటీ బస్సు ఎక్కాను. మూటలు చూసి కండక్టరమ్మ ముక్కు చిట్లించింది కానీ దింపలేదు. పైన ఫ్లైఓవర్ పనులు, కింద దుమ్ము. ముప్పావు గంటకు పైనే పట్టింది. నారపల్లిలో దిగి, రియల్ ఎస్టేట్ వెంచర్ల జెండాల మధ్య లోపలికి పదిహేను నిమిషాలు నడిస్తే సత్తెమ్మక్క రేకుల కొట్టం వస్తుంది.

ఆకులు చూసి ఆమె ముఖం వెలిగిపోయింది. “ఓ సారూ, మస్తు దినాలాయె మా బర్లు మోదుగాకు మొకం జూసి! గౌరికి ముందుగాల ఎయ్యుండ్రి. కడుపుతోటున్నది.” మా అమ్మాయి కూడా కడుపుతోనే ఉందక్కా అంటూ నేనే నా చేత్తో గౌరి ముందు ఆకులు గుమ్మరించాను. పప్పు అంటిన ఆకుల్ని అది ఆబగా తింటుంటే చూస్తూ నిలబడ్డాను. రెండో మూట విప్పుతున్నాను, ఇంతలో సత్తెమ్మక్క కేక వేసింది. గౌరి మూతి పక్కనుంచి తెల్లగా ఏదో వేలాడుతోంది. ఆమె నోట్లో చెయ్యి పెట్టి లాగింది. “సారూ, గిదేంది?”

పల్చటి ప్లాస్టిక్ పొర. నేను మూటలోంచి ఒక విస్తరి తీసి చించాను. పైన ఆకు, కింద ఆకు, మధ్యలో కవరు. ఇంకోటి చించాను. అదీ అంతే. పులుసు ఎందుకు కారలేదో అప్పుడు తెలిసింది.

సత్తెమ్మక్క పశువుల డాక్టరుకు ఫోన్ చేసి స్పీకరులో పెట్టింది. “ఎన్ని మింగిందో తెల్వదు. కడుపుతో ఉన్నదాన్ని ఇప్పుడు కోయలేం. మేత తింటుందా, నెమరేస్తుందా చూస్తా ఉండు” అన్నాడాయన. ఆమె నన్ను తిట్టలేదు. గోడకు చేరగిలబడి, “పోయినేడు ఒకటి గట్లనే పాయె సారూ, రోడ్డుమీది కవర్లు తిని. అందుకనే గీటిని బయటికి ఇడుస్తలేను, ఇంటికాడనే కట్టేసి మేపుతున్న” అంది. ఊళ్ళో ప్లాస్టిక్ అంతా తప్పించుకున్న బర్రెకు నేను మూట కట్టి, ఆటో ఎక్కించి, బస్సెక్కించి తెచ్చిపెట్టాను.

బయలుదేరబోతుంటే ఆమె నా క్యాను అడిగి తీసుకుంది. వద్దక్కా అన్నాను. వినలేదు, అంచుదాకా పోసింది. “బిడ్డకు కాచి ఇయ్యుండ్రి. దాని తప్పేమున్నది?”

మిగిలిన ఆకుల్ని మళ్ళీ మూట కట్టుకుని అదే బస్సులో వెనక్కి వచ్చాను. ఆ రాత్రి వాటిని చెత్త ఆటో కోసమే గేటు దగ్గర పెట్టాను. ఒక్కడు సంచి పట్టుకు తిరిగితే లోకం బాగుపడుతుందని నేనెప్పుడూ అనుకోలేదు. కనీసం నా చేతులు శుభ్రంగా ఉంటాయనుకున్నాను. ఇప్పుడు ఆ నమ్మకం కూడా లేదు. వద్దన్నా వచ్చేది ఒక ఎత్తు, ఆకు వేషంలో వచ్చేదాన్ని ఎలా వద్దనను? రోజూ సత్తెమ్మక్కకు ఫోన్ చేసి ఒకటే అడుగుతున్నాను, గౌరి నెమరేసిందా అని. ఇది రాసేనాటికి ఇంకా లేదు.

మీరు విస్తళ్ళు కొనేముందు ఒకటి అడిగి తీసుకుని, కొట్టు ముందే రెండుగా చించి చూడండి. కొట్టువాడు కోప్పడితే పడనివ్వండి.