బక్క ఎద్దుకు పొడుగు కాడి

జీపుకు పెద్ద టైర్లు ఎందుకు వేయించావని ఎవరడిగినా, గుంతల దారిలో సుఖంగా ఉంటుందని చెప్పేవాడు మా నాయన. అసలు సంగతి వేరే. పక్క ఊరి పెద్దమనిషి ఒక ఎత్తైన బండి కొన్నాడు. బుక్కరాయసముద్రం టీ అంగడి ముందు రెండు బండ్లూ పక్కపక్కన ఆగితే ఆయన కిందికి చూసి పలకరించేవాడు, నాయన తల పైకెత్తి బదులు చెప్పాల్సి వచ్చేది. కొన్నాళ్లు ఓర్చుకున్నాడు. ఆ తర్వాత అనంతపురం పోయి, ట్రాక్టరు టైర్లకు తమ్ముళ్లలాంటి టైర్లు బిగించుకొని వచ్చాడు.

పాత టైర్లు మా మామకు, అంటే అమ్మ తమ్ముడికి ఇచ్చాడు. ఎద్దుల బండికి కొయ్య చక్రాలు తీసేసి టైర్లు వేసుకోవాలని ఆయనకు ఎప్పటినుంచో ఆశ. ఊరికే ఇచ్చి ఉంటే సరిపోయేది. నాయన నలుగురిలో పిలిచి మరీ, "ఈ బుడ్డ టైర్లు ఇంక నాకేల బామ్మర్దీ, నీ ఎద్దులకు సరిపోతాయి, తీస్కపో" అన్నాడు. మామ నవ్వి తీసుకుపోయాడు.

జీపు ఎత్తు పెరిగింది కానీ సత్తువ పోయింది. చిన్న మిట్ట వచ్చినా ఆయాసపడేది. మేం నవ్వుకునేవాళ్లం. ఆ ఎండాకాలం బోరు ఎండిపోయాక మాత్రం నవ్వు ఆగిపోయింది. గుట్ట మీద మా చీనీ తోట, అంటే బత్తాయి తోట. నాయన సొంత చేతులతో నాటిన చెట్లు ఆకులు ముడుచుకొని నిలబడ్డాయి. కింద తెలిసినవాళ్ల బోరు దగ్గర ట్యాంకరు నింపి, జీపుకు తగిలించి పైకి లాగాలి. జీపు సగం గుట్ట ఎక్కి, ఆగి, వెనక్కి జారింది.

"మా తమ్ముని బండి ఉండాది కదా, అడుగు" అంది అమ్మ.

"జీపు పెట్టుకొని ఎద్దులబండిని అడగల్లనా?" అని నాయన అనంతపురం బయలుదేరాడు. నన్నూ ఎక్కించుకున్నాడు.

మెకానిక్ సాయిబు టైర్లను చూడగానే సంగతి గ్రహించాడు. "చక్రం పెద్దదైతే ఒక చుట్టుకు ఎక్కువ దూరం పోతాదన్నా. ఇంజనుకు బరువైపోతాది. ఇరుసులో పళ్లచక్రాలు మార్చల్ల." జీపు ఇరుసులో ఎనిమిది పళ్ల చిన్న చక్రం ముప్పై తొమ్మిది పళ్ల పెద్ద చక్రాన్ని తిప్పుతోందట. తన దగ్గర ఎనిమిదికి నలభై మూడు పళ్ల జత ఉంది. వేగం తగ్గుతుంది, లాగుడు పెరుగుతుంది.

"వేగమూ లాగుడూ రెండూ ఉండే జత లేదా?"

"ఉంటే నా బండికే ఏసుకుంటాంటి కదన్నా."

ఉన్నట్టుండి నాయన ముఖం వెలిగిపోయింది. "అర్థమైందిలే. దున్నేటప్పుడు బక్క ఎద్దు పక్క కాడి పొడుగిస్తాము. దానికి బరువు తగ్గుతాది. ఇంజను మన బక్క ఎద్దు, అంతే కదా?"

సాయిబు ఒప్పుకున్నాడు. అక్కడితో ఆగి ఉంటే మా నాయన గొప్ప ఇంజనీరు. కానీ సాయిబు దగ్గర ఉన్నది ఒక్క జతే. జీపుకు ఇరుసులు రెండు. ముందుది కూడా మార్చాలి, ఆ జత బెంగళూరు నుంచి రావాలి, అన్నాడాయన. నాయన కొట్టిపారేశాడు. "కాడి పొడుగిచ్చేది ఒక ఎద్దుకే కదప్పా. రెండింటికీ ఇస్తే ఇంక ఇచ్చినట్టా?"

సాయిబు ఉన్న జతతో వెనక ఇరుసు మార్చి, "ముందుది వచ్చేదాకా నాలుగు చక్రాలతో లాగించే లివరు మాత్రం ముట్టొద్దన్నా" అని నాకు కూడా విడిగా చెప్పాడు.

మరునాడు ట్యాంకరు కట్టుకొని గుట్ట ఎక్కుతుంటే జీపు నిజంగానే లాగింది. నాయన ఈల వేశాడు. సగం దాటాక దారి పక్కన మామ బండి ఆపుకొని చూస్తున్నాడు. ఇంక నాయన చెయ్యి ఆగుతుందా? వద్దు నాయనా అని నేను అనేలోపే లివరు లాగేశాడు. ముందు చక్రాలు ఒక లెక్కన, వెనక చక్రాలు ఇంకో లెక్కన తిరగబోయాయి. జీపు గొర్రెపోతులా ఎగిరెగిరి పడింది. కింద ఎక్కడో ఫట్‌మంది. ట్యాంకరు ఒరిగి, నీళ్లన్నీ గుట్ట దిగి కంపచెట్లకు పారాయి. మా జిల్లాలో కంపచెట్లకు నీళ్లు కట్టిన రైతు ఆయనొక్కడే అయి ఉంటాడు.

నాయన రాయి మీద కూర్చున్నాడు. ముందు ఇరుసు విరిగింది, దాని సామాను ఎప్పుడొస్తుందో తెలీదు. చెట్లు అంతవరకూ ఆగవు. ఆయన కళ్లలో నీళ్లు చూసి నాకు భయమేసింది. చివరికి లేచి మామ దగ్గరికి నడిచాడు. ఎద్దుల బండికి ఉన్న తన పాత టైర్లనే చూస్తూ నిలబడ్డాడు.

"బామ్మర్దీ, ఆ టైర్లు..."

"ఇవి ఇప్పితే నా బండి యాడికి పోతాది బావా? పోయి డ్రమ్ములు తీస్కరా."

డ్రమ్ములు నింపుకొని బండి గుట్ట ఎక్కింది. మామ ఎడమ ఎద్దు బక్కది, దాని పక్క కాడి పొడుగు. నాయన వెనక నుంచి, ఒక చెయ్యి పాత టైరు మీద వేసి తోస్తూ నడిచాడు. మళ్లీ దిగారు, మళ్లీ ఎక్కారు. రోజూ అదే పని.

అలా నీళ్లు పోస్తున్న ఒక సాయంత్రం పక్క ఊరి పెద్దమనిషి బండి తోట పక్కన ఆగింది. పైనుంచి అడిగాడు. "ఏమప్పా, జీపు యాడ?"

నాయన చీనీ చెట్టు మొదట్లో కూర్చొని, నీళ్లు మట్టిలోకి ఇంకడం చూస్తున్నాడు. "ఉండాది లేప్పా" అన్నాడు, తల పైకెత్తకుండానే.