అర్థం చెప్పిన చెల్లెలు

ఆదివారం సాయంత్రం మా అమ్మ టీవీ ముందు కూర్చుందంటే ఇంట్లో ఎవరూ నోరెత్తకూడదు. తెర మీద పాటల పోటీ నడిపించేది మా చెల్లెలు. ఒకప్పుడు కోయంబత్తూరు టౌను బస్సుల్లో దాని పాప్ పాటలు మోగని రోజు లేదు. అవి పాతబడ్డాక అది యాంకరైంది. నేను పోదనూరు రైల్వే కాలనీలో పిల్లలకు సంగీతం చెప్పుకుంటున్నాను. అసూయ అంటే అసూయే, కాదనను. దానికి సరిగమలు నేర్పింది నేను.

"రొంబ చిక్కిపోయిండాదే, పావం" అని దాన్ని చూసి జాలిపడుతుంది అమ్మ ప్రతి వారమూ. నేను చిక్కితే ఎవరికి కనబడింది?

పోయినేడు నా కూతురు ఆ పోటీకి ఎంపికైంది. తెలుగు చదవడం రాని మావాళ్లందరిలాగే తమిళ అక్షరాల్లో రాసుకున్న ఒక తెలుగు కీర్తనను మూడు నెలలు పాడించాను. స్వామీ, అందరినీ చూస్తావు, నా వైపు చూడవేం అని భక్తుడు నిష్ఠూరమాడే పాట. అర్థం విడమరిచి చెప్పినప్పుడల్లా పిల్ల "తెలుసుమా, తెలుసు" అంటూ ఫోను చూసుకునేది.

"ఆడ చిన్నమ్మా గిన్నమ్మా అని పిలవొద్దు. నా కూతురుగా పాడు, చాలు" అని హెచ్చరించి చెన్నైకి తీసుకెళ్లాను.

షూటింగులో నేను జనంలో కూర్చున్నాను. పిల్ల తప్పు లేకుండా పాడింది. పాటకు అర్థమేమిటని జడ్జి అడిగాడు. అది నోరు తెరిచేలోపే మా చెల్లెలు అందుకుంది. తమిళంలో చెప్పిందన్న మాటే గానీ అన్నీ నేను దానికి చిన్నప్పుడు చెప్పిన మాటలే. నేను ఆగిన చోటే ఆగింది. చివర్లో కళ్లు తుడుచుకుంది. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. కెమెరా దాని ముఖాన్ని వదిలితే ఒట్టు. అక్క నేర్పిందని ఒక్క మాట అంటుందేమోనని చూశాను. అనలేదు.

మర్నాడు పగటి రైల్లో తిరిగొస్తుంటే కడుపుమంట ఆపుకోలేకపోయాను. "నువ్వు చెప్పాల్సిన మాట అది లాక్కునింది, చూస్తివా?" అన్నాను. పిల్లకూ నాలాగే మండుతూ ఉంటుందనుకున్నాను.

"పోనీలేమా" అంది. "చిన్నమ్మ చెప్పినాకనే ఆ పాటలో అంత బాధ ఉండాదని నాకు తెలిసె."

కిటికీకి తల ఆనించి సన్నగా పాట ఎత్తుకుంది. ప్రతి మాటా తడిగా, నిష్ఠూరంగా పలికింది. మూడు నెలలుగా ఇలా పాడమనే దాని ప్రాణం తీశాను. బాగుందని చెప్పడానికి నాకు నోరు రాలేదు.