నిధి, నిక్షేపం: నేను అర్థం రాయని మాటలు

తలుపు దగ్గర నిలబడ్డ మనిషి చేతిలో నా పుస్తకం చూసి మొదట సంతోషించాను. ఒక పేజీ మడిచి, రెండు మాటల కింద ఎర్రగీత కొట్టుకున్నాడు. వనపర్తిలో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చిన మొదటి పాఠకుడు అనుకున్నాను.

"గిండ్ల నిధి అని రాసింది మీరే గద మేడం?"

"అవును. రాతి మీద ఉన్నదే రాసిన."

"మీ చిన్నబిడ్డ ఎదురుకాళ్లతోని పుట్టిందంట?"

భయం పట్టుకున్నది అప్పుడే. పాప లోపల బొమ్మలు గీసుకుంటోంది. నేను తలుపుకు అడ్డంగా జరిగాను. ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లకు భూమిలోని నిధి కనిపిస్తుందని మా వైపు ఒక నమ్మకం.

ఏడాదంతా గద్వాల నుంచి నాగర్‌కర్నూల్ దాకా తిరిగి పాత శాసనాలకు నకళ్లు తీశాను. రాతిని కడిగి, తడికాగితం పరిచి, బ్రష్‌తో కొట్టి సిరా అద్దితే అక్షరాలు తెల్లగా తేలతాయి. వడ్డేపల్లి వైపు బట్టలుతికే బండగా పడి ఉన్న శాసనాన్ని ఊరివాళ్లే తెచ్చి బడి ముందు నిలబెట్టారు. పుస్తకం అచ్చయ్యాక ఒక పెద్దాయన తన ఊరి పేరున్న పేజీ మీద చెయ్యి పెట్టి చాలాసేపు కూర్చున్నాడు. అంత మంచి ఏడాది నాకు మళ్లీ రాదేమో.

అతను మడిచిన పేజీలోది కోడేరు దగ్గర చేనులో ఉన్న భూదాన శాసనం. భూమి దానమిచ్చేటప్పుడు 'నిధి నిక్షేప జల పాషాణ' అంటూ ఎనిమిది హక్కులు వరుసగా చెక్కేవారు. ఇప్పటి రిజిస్ట్రేషన్ కాగితాల్లో 'సర్వహక్కులతో' అన్నట్టే. తెలిసిందే కదా అని అర్థం రాయలేదు. పైగా నకలు తీసిన రోజు కలుపు తీసే ఆడవాళ్లు పాపను ముద్దు చేస్తుంటే, "పుట్టేటప్పుడే సతాయించింది, కాళ్లు ముందు పెట్టింది" అని నవ్వుతూ నేనే చెప్పాను.

హక్కుల సంగతంతా అతనికి వివరించాను. నవ్వాడు.

"ఉత్తగనే రాతి మీద చెక్కుతరా మేడం? బిడ్డను గంటసేపు చేన్ల నిలవెట్టుర్రి. మల్ల మేమే తెచ్చి దింపుతం. జర సోంచాయించుర్రి. రేపొస్త."

అతను పోగానే గొళ్లెం పెట్టి ఆ చేను రైతుకు ఫోన్ చేశాను.

"నేనే చేద్దామనుకుంటున్న బిడ్డా. రాయి కింద నడుములోతు తవ్విండ్రు. నిమ్మకాయలు, కుంకుమ పెట్టిండ్రు. రాయి ఒరిగింది." గొంతు తగ్గించాడు. "నిజం చెప్పు, ఏమన్న ఉన్నదా?"

పొలంలో నాకు మజ్జిగ పోసిన మనిషి. ఆయన కూడా అదే అడిగాడు.

సాయంత్రం మా ఆయన ఠాణాలో ఫిర్యాదు ఇచ్చి వచ్చాడు. "చూస్తమన్నరు" అని మాత్రం అన్నాడు. ఆ రాత్రి మిగిలిన పుస్తకాలు ముందేసుకుని, 'ఇది హక్కు పేరు, ఇక్కడ నిధి లేదు' అని చీటీలు రాసి ఒక్కొక్కదానిలో అంటించాను. ఇప్పటికే చేతులు మారిన పుస్తకాల్లో ఎవరు అంటిస్తారు?

పొద్దున పిల్లలిద్దరినీ కూర్చోబెట్టాను.

"ఎవరు పిలిచినా గేటు దాటొద్దు. పాప ఎట్ల పుట్టిందని ఎవరన్న అడిగితే, అందరి లెక్కనే తల ముందు పెట్టి పుట్టిందని చెప్పుర్రి."

"అబద్ధం గదమ్మా?" అన్నాడు బాబు. "ఉన్నది ఉన్నట్టే రాయాలె అంటవు గద నువ్వు?"

"అబద్ధమే నాన్నా" అన్నాను. "గట్లనే చెప్పుర్రి."