సముద్రమంతా మా వసారాలో

ఏ యాప్ తెరిచినా మొదట అడిగేది ఒకటే: మీరెక్కడున్నారో తెలుసుకోవచ్చా? టార్చిలైటు యాప్ కూడా అడుగుతుంది. చీకట్లో ఉన్నానంటే దానికి చాలదు, ఏ ఊరి చీకటో కూడా కావాలి. నేను సూళ్లూరుపేటలో ఫోన్ల షాపులో పనిచేస్తాను. ఈ నాలుగేళ్లలో ఆ ప్రశ్నకి కోపం తెచ్చుకున్న మనిషిని ఒక్కణ్ణే చూశాను. ఆయన మా నాయన.

ఆయనకి గోప్యత హక్కుల మీద అవగాహన ఉందని కాదు. మాది వేట మీద బతికే ఊరు. మా ఊళ్లో ఎదుటివాడి జీతం అడగొచ్చు, జబ్బు అడగొచ్చు, కోడలితో ఎందుకు పడటం లేదో నలుగురిలో నిలబెట్టి అడగొచ్చు. వల ఎక్కడ వేశావని మాత్రం అడగకూడదు. అలాగని అడక్కుండానూ ఉండరు. బోటు ఒడ్డుకి తగలగానే ఎవరో ఒకరు లోపలికి తొంగిచూసి, "యాడబ్బా ఇంత చేప?" అంటారు. పట్టినవాడు ఉత్తరం నుంచి దక్షిణం దాకా చెయ్యి తిప్పి, "ఆడే" అంటాడు. బంగాళాఖాతం మొత్తం ఆ ‘ఆడే’లోకి వచ్చేస్తుంది. అడిగినవాడు అర్థమైనట్టు తలూపి వెళ్లిపోతాడు. మర్నాడు అతనూ అదే చెయ్యి తిప్పుతాడు. ఇలాంటి ఊరికి, మీ లొకేషన్ పదిమందితో పంచుకోండి అంటూ స్మార్ట్ ఫోన్ వచ్చింది.

ఆ రహస్యం ఏమిటంటే, మా ఊరి ముందు సముద్రం అడుగున అక్కడక్కడా రాళ్లున్నాయి. రాళ్ల చుట్టూ చేప చేరుతుంది. రాళ్ల పక్కన వల వేస్తే నిండుతుంది, రాళ్ల మీద వేస్తే చిరుగుతుంది. ఈ రెంటికీ మధ్య తేడా ఒక బోటు పొడవు. పైనుంచి చూస్తే అంతా ఒకే నీళ్లు. నాయన ఆ చోటుని ఒడ్డుని చూసి కనిపెడతాడు. నీళ్ల ట్యాంకు వెనక సరిగ్గా సరుగుడు తోపు చివర రావాలి, ఆ పక్క తుఫాను షెల్టరు మూలకి ఫలానా తాటిచెట్టు ఆనుకోవాలి. రెండూ కుదిరినచోట కిందే రాయి. ఇలాంటి చోట్లు నాయన తలలో పద్నాలుగున్నాయి. మా తాత చూపించి వెళ్లినవి. వాటిలో అన్నిటికన్నా మంచిది, ఆ తోపు గుర్తుతో దొరికేది, పెద్ద రాయి.

ఈ ఏడాది, చేపలు గుడ్లు పెట్టే కాలమని ప్రభుత్వం పెట్టే రెండు నెలల వేట నిషేధానికి నెల ముందు, ఆ సరుగుడు తోపు యజమాని చెట్లు కొట్టించేస్తున్నాడని తెలిసింది. మిగతా పదమూడు చోట్లకీ వేరే గుర్తులున్నాయి. పెద్ద రాయికి తోపే ఆధారం. తోపు పోతే రాయి ఎక్కడికీ పోదు, కానీ మాకు మాత్రం పోయినట్టే.

నాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని షాపుకి వచ్చాడు. పెళ్లికీ చావుకీ తప్ప ఆ చొక్కా బయటికి రాదు. నేను కంగారుపడ్డాను.

"ఒరే, నీళ్లలో చోటు గుర్తు పెట్టుకునేది ఫోన్లో ఉండాదంట గదా?"

"ఉండాది నాయనా."

"ఎవురికీ కనపడకూడదు."

"కనపడదు."

"నీక్కూడా."

"నేను చూసి ఏం చేసుకుంటా నాయనా? షాపులో వల వేస్తానా?"

"నీ నోరు నాకు తెలుసులే. ముందు పని చూడు."

ఒక మ్యాపు యాప్ వేసిచ్చాను. అది లొకేషన్ అడిగింది, కాంటాక్టులు అడిగింది, ఫోటోలు అడిగింది. షాపులో అందరికీ నొక్కినట్టే అన్నిటికీ ‘సరే’ నొక్కేశాను. షరతులన్నీ చదివి అంగీకరిస్తున్నాను అనే అబద్ధాన్ని మధ్యాహ్నం భోజనం లోపల ఇరవై మంది తరఫున చెప్పడం నా ఉద్యోగంలో భాగం. తర్వాత నాయనకి నేర్పించాను: ఇక్కడ నొక్కు, పేరు పెట్టు, దాచు. ‘ఆ చోట ఉన్నప్పుడే నొక్కు’ అని చెప్పానా లేదా అన్నది మా ఇంట్లో ఇప్పటికీ తేలలేదు. చెప్పాననే అంటున్నాను. గట్టిగా మాత్రం అనలేకపోతున్నాను.

ఎవరైనా ఫోను చూసినా తెలియకూడదని నాయన రాళ్లకి చుట్టాల పేర్లు పెట్టాడు. పెద్ద రాయికి ‘పెద్దక్క’. అంటే మా పెద్ద మేనత్త. ఆమె మీదికి పోయినవాడెవడూ చిరగకుండా తిరిగి రాలేదు కాబట్టి పేరు బాగానే కుదిరింది. రోజూ అన్నం దగ్గర లెక్క చెప్పేవాడు.

"ఈరోజు కొడవలూరు బావ అయిపోయినాడు."

మొదటిసారి విన్నప్పుడు అమ్మ గరిటె కింద పడేసింది. "అయ్యో, నిన్నగాక మొన్న మాట్లాడినాడు గదయ్యా!"

నెల తిరిగేసరికి పద్నాలుగు మంది చుట్టాలూ ఫోన్లోకి చేరారు. నిషేధం మొదలైంది. బోట్లు ఇసక మీదికి ఎక్కాయి. తోపు కొట్టేశారు. దుంగలు లారీల మీద పోతుంటే ఊళ్లో వాళ్లంతా ఒడ్డున నిలబడి చూశారు. నాయన మాత్రం చొక్కా జేబు తట్టి, "నా కాడ ఉండాయిలే" అన్నాడు. ఆ రెండు నెలలూ ఉన్నంత నిశ్చింతగా ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు. వలలు బాగుచేసుకుంటూ ఈలలు కూడా వేశాడు.

నిషేధం ముగిసి మర్నాడు వేటకి పోవాలనగా, మధ్యాహ్నం ఫోను నా చేతికిచ్చాడు.

"పెద్దక్కని ఒకసారి చూపించు. దారి ఎట్ట పడతాదో చూస్తా."

తెరిచాను. మ్యాపులో సముద్రం శుభ్రంగా ఉంది. ఒక్క గుర్తూ లేదు. గుర్తులన్నీ ఒడ్డు మీద, మా ఊళ్లో, మా వీధిలో కుప్పగా ఉన్నాయి. దగ్గరికి లాగి చూశాను. పెద్దక్క మా వసారాలో నులక మంచం మీదుంది. కొడవలూరు బావ నీళ్ల బిందె పక్కనున్నాడు. మిగతా చుట్టాలంతా పెళ్లి భోజనానికి వచ్చినట్టు చుట్టూ సర్దుకున్నారు. వెంకటాచలం వదిన ఒక్కతే బాత్రూంలో ఉంది.

"నాయనా, ఇంట్లో కూర్చోని నొక్కినావా?"

"మరి బోటులో నొక్కమంటావా? పక్కింటోడు ముందరే కూర్చోనుంటాడు గదా!"

పక్కింటి మామ మా బోటులోనే పనిచేస్తాడు. సొంత బోటు కొంటానని రెండేళ్లుగా అంటున్నాడు. చుక్కాని దగ్గర కూర్చుని ఒడ్డు గుర్తులు చూసుకునేది నాయన. ముందర కూర్చున్న మామకి నీళ్లే కనిపిస్తాయి. అలాంటిది నాయన ఒకచోట ఆగి ఫోను తీసి నొక్కితే, ముందరున్న మామ కూడా తన ఫోను తీసి నొక్కుతాడు. మూడు తరాల రహస్యం మూడు సెకన్లలో పోతుంది. అందుకని నాయన ఫోను ప్లాస్టిక్ కవరులో మెడకి తగిలించుకుని వెళ్లి, చోటు చూపించి, ఇంటికి తెచ్చి, తలుపేసి, నొక్కాడు.

"చూపించడమేంది నాయనా?"

"నా మెళ్లోనే గదరా ఉండాది? నాతో వచ్చింది, చూసింది. ఇంటికొచ్చినాక పేరు చెప్పినాను. ఆ మాత్రం గుర్తుండదా దానికి?"

"వదినని బాత్రూంలో ఎందుకు పెట్టినావు?"

"ఆరోజు పక్కింటోడు వసారాలో కూర్చోనుండాడు."

నిజానికి నాయన ఆశించినదాంట్లో తప్పేమీ లేదు. షాపులో ఎవరో నా పక్కన ‘మిక్సీ’ అన్నందుకు నా ఫోను వారం పాటు మిక్సీలు చూపించింది. అంత పాము చెవులున్నదానికి కళ్లు మాత్రం ఎందుకు లేవన్నది న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు తయారుచేసినవాళ్లే చెప్పాలి. ఫోను చేస్తే, మీ కాల్ మాకెంతో ముఖ్యం అంటారు.

అమ్మ వచ్చి చూసింది. "అన్ని చోట్లూ మన వసారాలోనే ఉంటే ఇంక బోటెందుకు? ఈడే వల వెయ్యి" అంది.

నాయన నవ్వలేదు. మంచం మీద, అంటే మ్యాపు ప్రకారం సరిగ్గా పెద్దక్క మీద, కూర్చున్నాడు. "మా నాయన నన్ను ఏడేళ్లప్పుడు తీసకపోయి చూపించినాడురా అది" అన్నాడు. అమ్మ కూడా పక్కన కూర్చుంది. ఇంట్లో ఎవరు ఏడ్చినా ఒక మాట విసిరి నవ్వించడం నా బాధ్యత. ఆరోజు మాట కోసం వెతికాను. దొరకలేదు. బదులుగా ఇంకోటి గుర్తొచ్చింది. మొదటి రోజు నేను అన్నిటికీ ‘సరే’ నొక్కాను కదా.

సెట్టింగుల్లో లోపలికి, ఇంకా లోపలికి, మామూలు మనిషి ఎవడూ వెళ్లకూడదని వాళ్లు కట్టిన సందుల్లోకి వెళ్లాను. అక్కడ ఉంది. ఆ నెలలో ప్రతి రోజూ ఫోను ఎక్కడెక్కడ తిరిగిందో ఒక నీలం గీత. ఒడ్డు నుంచి బయల్దేరి, సముద్రంలో ఆగినచోటల్లా చుక్క పెట్టుకుని, తిరిగి మా ఇంటికి.

అమ్మ నా భుజం మీంచి వంగింది. "ఆ మంగళవారం మూడు గంటలు అదేంది? అది రేవు కాదే."

"ఇంజను బాగుచేయిస్తా ఉండాను" అన్నాడు నాయన.

"పేకాడే చెట్టు కింద ఇంజను షెడ్డు ఎప్పుడు పెట్టినారయ్యా?"

నాయన నా వైపు తిరిగాడు. మాట మార్చడానికే అయినా, కోపం మాత్రం నిజమైనదే. "అంటే ఎవురో అంతా చూస్తానే ఉండారా?"

"చూస్తానే ఉండారు."

"ఎవురికీ కనపడదని చెప్పినావే!"

"ఎవురికీ అంటే, మన ఊరోళ్లకి."

ఆలోచించాడు. "వాళ్లకి బోటుండాదా?"

"లేదు నాయనా."

"వేటకొస్తారా?"

"రారు. వాళ్లకి చేపలొద్దు. నువ్వు కావాలి."

"నన్నేం చేసుకుంటారు?"

"మిక్సీ అమ్ముతారు."

"అమ్మనీ. తొందరగా పెద్దక్కని వెతుకు."

గీతల మీద పేర్లు లేవు. ఏ రోజు ఏ రాయో నాయనే చెప్పాలి. చెప్పాలంటే నాకు తెలిసిపోతుంది. ఆయన లేచి తలుపేశాడు. ఇంట్లో ఉన్నది మేము ముగ్గురమే అయినా నా చెవి దగ్గరికి వచ్చి, "వంజరం పడిన శనివారం" అన్నాడు. అంతే గుసగుసగా, "మొదట ఆగింది కాదు" అన్నాడు. ఆ శనివారం బోటు నాలుగుచోట్ల ఆగింది. మొదటిది తీసేస్తే మూడు. ఆ మూడింట్లో ఒకటి పెద్ద రాయి. లేదా, ఏదీ కాదు.

మర్నాడు సెలవు పెట్టి తెల్లవారుజామున బోటెక్కాను. నన్ను చూసి మామ ఆశ్చర్యపోయాడు. "ఏందిరా, షాపులోంచి తరిమేసినారా?" అని పలకరించి, ముందర వల దగ్గర కూర్చున్నాడు. నేను నాయన కాళ్ల దగ్గర కూర్చుని, వాంతి ఆపుకుంటూ, రీల్స్ చూస్తున్నట్టు మొహం పెట్టి మ్యాపు చూశాను. దారి పైకి చెప్పడానికి వీల్లేదు.

"నాయనా, పెద్దత్తకి ఎడమపక్క నొప్పంట."

నాయన చుక్కాని ఎడమకి తిప్పాడు.

"పాపం, ఎప్పట్నించి?" అన్నాడు మామ.

"ఇప్పుడే మొదలైంది మామా. ఇంకొంచెం ఎడమకి పాకిందంట."

"ఆస్పత్రికి తీసకపొమ్మను, గమ్మునుంటే ఎట్టా?"

ఆ మూడింట్లో మొదటి చుక్క దగ్గర నాయన తాడుకి కట్టిన ఇనప గుండు దించాడు. అడుగున మెత్తగా దిగింది. బురద. రెండోచోటా బురదే. తాడు చుట్టుకుంటున్న నాయన చేతులు మామూలు కన్నా నెమ్మదిగా కదిలాయి. మూడో చుక్క మీదికి రాగానే, "పెద్దత్తకి తగ్గిపోయిందంట" అన్నాను. నాయన ఇంజను నెమ్మది చేసి గుండు వదిలాడు. తాడు ఒక్కసారిగా వదులైంది. ఆయన రెండుసార్లు ఎత్తి దించి, తాడు నా చేతికిచ్చాడు. కింద గట్టి దేనికో తగిలి, ఆ అదురు తాడు వెంట నా అరచేతిలోకి వచ్చింది. నేను పుట్టినప్పటి నుంచీ తింటున్న అన్నం ఇదన్నమాట.

నాయన ఫోను వైపు చూడను కూడా చూడలేదు. ఒడ్డుని చూస్తున్నాడు. తోపు ఉన్నచోట ఖాళీ ఆకాశం. దానికి కొంచెం పక్కగా, మా ఊళ్లో సిగ్నల్ కోసం వేసిన సెల్ టవరు సరిగ్గా నీళ్ల ట్యాంకు వెనక నిలబడి ఉంది. చాలాసేపు చూశాడు. రెండో పక్క తుఫాను షెల్టరునీ తాటిచెట్టునీ సరిచూసుకున్నాడు. తర్వాత నాకు మాత్రమే వినిపించేలా, "చూసుకో. ట్యాంకు వెనక టవరు" అన్నాడు. నేను చూసుకున్నాను.

"ఇంక ఆ నీలం గీతలన్నీ తుడిచెయ్."

తుడిచాను. ఖచ్చితంగానా అని ఫోను మూడుసార్లు అడిగింది. దాచుకునేటప్పుడు ఒక్కసారి కూడా అడగలేదు. గీతలు పోయాయి. ఆ కంపెనీవాళ్ల దగ్గర కూడా పోయాయో లేదో దేవుడికే తెలియాలి. ఆయన లొకేషన్ కూడా వాళ్ల దగ్గర ఉండే ఉంటుంది.

జేబులో పెట్టుకోబోతుంటే ఫోను మళ్లీ మోగింది. నాయన ఉలిక్కిపడి మామ వైపు చూశాడు. మామ వల విప్పుకుంటున్నాడు.

"ఇంకా ఏందంట దానికి?"

"ఈ చోటు వాళ్ల మ్యాపులో లేదంట నాయనా. ఈడ ఏముండాదో రాసి పదిమందికీ సాయం చెయ్యమంటాంది."

నాయన ఉత్తరం నుంచి దక్షిణం దాకా ఒకసారి చూశాడు.

"నీళ్లుండాయని రాయి."